కళ్ళంలో విప్పిన టైర్లు

ఈ పని సంగతి

టైరు షెడ్డులో కొత్తగా పనికి చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "పెద్దాయనా, ఈ పనిలో కిటుకులేమిటో చెప్పండి" అంటారు. కిటుకులు నాకన్నా మీ మేస్త్రీలకే బాగా తెలుసు నాయనా. ఇప్పటి టైర్లు వేరు, ఇప్పటి యంత్రాలు వేరు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఈ పనిలో మనం చేసిన తప్పు మన కళ్ళ ముందు బయటపడదు. వంటవాడు ఉప్పెక్కువ వేస్తే విస్తరి ముందే తెలిసిపోతుంది. మన తప్పు బండెక్కి ఊరు దాటిపోయి, ఎక్కడో ఒక మలుపులో, మనకు ముఖం కూడా గుర్తులేని మనిషి మీద పడుతుంది. ఈ మాట మనసుకు పట్టనివాడు ఇంకో పని చూసుకోవడం మంచిది. వెటకారానికి అనడం లేదు, నిజంగానే అంటున్నాను.

నేను పని నేర్చుకున్నది చిత్తూరులో. యుద్ధం రోజులు. కొత్త టైరు అనేది కంటికి కనబడేది కాదు. చీలిపోయిన టైరుకు లోపల ఇంకో టైరు ముక్క అతికించి, మందపాటి దారంతో కుట్టి, దేవుడి మీద భారం వేసి పంపేవాళ్ళం. మా షెడ్డు యజమాని పరమ కోపిష్ఠి. నోరు తెరిస్తే బూతే. అయినా ఆయన్ని నేను ఈ రోజుకీ మంచి గురువనే చెబుతాను. కారణం ఉంది.

లారీ చక్రానికి ఒక ఇనప కడియం ఉండేది, టైరును రిమ్ము మీద నిలబెట్టడానికి. అది గాడిలో సరిగా కూర్చోకుండా గాలి పట్టిస్తే ఒక్కసారిగా ఎగిరి వస్తుంది. యజమాని తమ్ముడు అలాగే పోయాడు. కడియం వచ్చి మెడకు తగిలింది. నేను చేరేనాటికి అది పాత కథే, కానీ ఆయన మాత్రం చక్రానికి ఎదురుగా కూర్చున్న ప్రతివాణ్ణీ చొక్కా పట్టుకుని పక్కకు లాగి, "మా తమ్ముడు ఈడే కూసోనుండె. ఇట్లనే నవ్వుతా ఉండె. ఆ కడియం ఈడికి వచ్చె" అని తన మెడ మీద చెయ్యి పెట్టి చూపించేవాడు. తిట్టడం అందరు యజమానులూ తిట్టేవారు. ఎందుకు తిడుతున్నాడో చెప్పి మరీ తిట్టినవాడు ఆయన ఒక్కడే. తన ఇంటి దుఃఖాన్ని అట్లా రోజూ విప్పి చూపించడం ఎంత కష్టమో అప్పుడు నాకు తెలియలేదు.

పళ్ళు కట్టడం

యుద్ధం అయిపోయాక తిరుపతికి వచ్చి ఇంకో షెడ్డులో చేరాను. అక్కడి పెద్ద మేస్త్రి ఆర్ముగం. చిత్తూరుకు దక్షిణాన అరవదేశం అంచు పల్లెలో పుట్టినవాడు. ఇంట్లో అరవం, బయట తెలుగు. పట్టాళంలో లారీల వర్కుషాపులో పనిచేసి వచ్చాడు. మెత్తని మనిషి. గిరాకీ వచ్చి గట్టిగా అడిగితే లేదనలేడు. పని మాత్రం బంగారంలా చేసేవాడు.

పట్టాళంలో ఉన్నప్పుడు ఆయన్ని ఎక్కడో చలిదేశపు కొండల్లోకి పంపారట. అక్కడ చలికాలం దారి మీద మంచు గడ్డకట్టి అద్దంలా ఉంటుందనీ, ఉత్త రబ్బరు దాని మీద ఆగదనీ, అందుకని టైరుకు ఇనప పళ్ళు కడతారనీ చెప్పేవాడు. మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. మా తిరుపతి ఎండల్లో మంచు సంగతి ఎవడికి కావాలి? వినోదానికి వినేవాళ్ళం, అంతే.

కానీ మనకూ ఒక చలికాలం ఉంది. కార్తీకం నుంచి పుష్యం దాకా తూర్పు నుంచి వాన దిగుతుంది. ఏర్పేడు దాటి కొండవైపు అడవి దారులన్నీ ఎర్రబంకమట్టి. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ఆ దారి మీద మనిషే నిలబడలేడు, ఇక బండేం నిలబడుతుంది? పట్టాళంవాళ్ళు అమ్మేసిన జీపులు అప్పుడప్పుడే మనవైపు వస్తున్నాయి. అడవిలో కలప కొట్టించే కంట్రాక్టరు ఒకాయన అలాంటి జీపు కొన్నాడు. ఇంజను బలాన్ని ముందు చక్రాలకు అందించే కడ్డీ ఎప్పుడో విరిగిపోయింది. వెనక చక్రాలతోనే నడిచేది. కొండ మీద కలప కొట్టే చోట కూలీలు గుడిసెలు వేసుకుని ఉండేవాళ్ళు. వానాకాలం అక్కడ చలిజ్వరం. జీపు పైకి గింజలు తీసుకుపోవాలి, కిందికి జ్వరం మనుషుల్ని తేవాలి. దారి జారితే ఆ మనుషులు గుడిసెల్లోనే వణికి వణికి పోయేవాళ్ళు. నిరుటి వానల్లో అట్లా పోయారు కూడా.

ఆ జీపు డ్రైవరు దొరస్వామి మా షెడ్డుకు వచ్చి కూర్చున్నాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. "ఏదో ఒకటి సెయ్యి మేస్త్రీ. పోయినేడు ఒక ఆడమనిసి నా బండి కోసరం సూసి సూసి పోయింది. నేను కిందనే ఉండా, బంకలో ఇరుక్కోని" అన్నాడు. ఆర్ముగానికి చలిదేశపు పళ్ళు గుర్తొచ్చాయి.

అది ఎట్లా చేశామో చెబుతాను. మందం మిగిలిన టైర్లు నాలుగు ఏరుకున్నాం. చేతి బరమాతో తొడుగుకు వరసగా బెజ్జాలు వేశాం. లోపలినుంచి వెడల్పు తలకాయ బోల్టు దూర్చి, వాషరు వేసి, బయట నట్టు బిగించి, కొన మీద సుత్తితో కొట్టి నట్టు ఊడకుండా చేశాం. బోల్టు తలలు ట్యూబును కొరకకుండా లోపల పాత రబ్బరు పట్టీ పరిచి, సుద్దపొడి దట్టించాం. ఒక్కో టైరుకు రోజు పైనే పట్టింది. నా అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోవడానికి కూడా రాలేదు. పని అయ్యాక షెడ్డు వెనక బురదలో నడిపి చూస్తే జీపు గొడ్డులాగా కాలు దించి నడిచింది. దొరస్వామి నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

"నాలుగింటికీ ఎందుకు, బండిని తోసేది వెనకవే కదా?" అని నేను అడిగాను. ఆర్ముగం, "నాలుగింటికీ కట్టల్ల. అక్కడ అట్లనే కట్టేవాళ్ళం" అన్నాడు. ఎందుకని మళ్ళీ అడిగితే, "దొర చెప్పినాడు, మేం కట్టినాం" అన్నాడు. ఆయనకు తెలిసింది అంతే. నాకు అంత కూడా తెలియదు.

చెంగల్రాయప్ప కళ్ళం

మొదటి ప్రయాణం చూద్దామని ఆర్ముగమూ నేనూ కూడా జీపెక్కాం. పళ్ళు పనిచెయ్యకపోతే మార్చడానికి ఉత్త టైర్ల చక్రాలు రెండు వెనక వేసుకున్నాం. రెండే ఎందుకంటే అంతకు మించి చోటు లేదు, గింజల మూటలున్నాయి.

అడవి మొదట్లో ఒక పల్లె. అక్కడ దారి ఒక పెద్ద పరుపుబండ మీదుగా పోతుంది. ఒకవైపు గుట్ట, ఇంకోవైపు మడికయ్యలు, వేరే దోవ లేదు. ఆ బండే ఊరి కళ్ళం. వాన తెరిపిచ్చిన పూట రాగికంకులు తెచ్చి అక్కడ ఆరబోసేవాళ్ళు. మేం పోయేసరికి బండ ఒక పక్క కుప్పలు వేసి ఉన్నాయి. పెద్ద రైతు చెంగల్రాయప్ప, ముసలాయన, చెయ్యి అడ్డం పెట్టి బండి ఆపాడు. తలగుడ్డ, చేతిలో చీపురుకట్ట. కోపంగా ఏమీ లేడు.

"ఏమి దొరసామీ, నీ బండికి మేకుల సెప్పులు తొడిగినట్టుండారే" అన్నాడు.

"అవునన్నా, బంకలో జారకుండా" అన్నాడు దొరస్వామి.

"మంచిదే. కానీ కళ్ళంలో సెప్పులతో పోకూడదు గదప్పా."

కళ్ళంలో చెప్పులతో అడుగు పెట్టకూడదన్నది మనవైపు చిన్నపిల్లవాడికి కూడా తెలిసిన సంగతి. గింజ ఉన్న చోటు లక్ష్మి ఉన్న చోటు. ఎద్దులబండి కూడా కళ్ళం అంచున ఆగుతుంది. ఇన్నాళ్ళూ జీపును ఎందుకు పోనిచ్చారంటే ఉత్త రబ్బరు వాళ్ళ లెక్కలో వట్టికాలు. ఇప్పుడు దానికి ఇనుము తొడిగాం.

దొరస్వామి బండి దిగి తన చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఆర్ముగం కూడా రైతు ఇంటి బిడ్డే. ఆయనకూ ఆ మాట తోసెయ్యడానికి మనసొప్పలేదు. "రెండు ఉత్త చక్రాలే ఉండాయన్నా. నాలుగూ మార్చలేము. పైన జ్వరం మనుషులుండారు" అన్నాడు.

చెంగల్రాయప్ప ఆకాశం వంక చూశాడు. మబ్బు దిగుతోంది. కాసేపు ఆలోచించి, "మనిసైనా గొడ్డైనా కళ్ళంలో ముందు పెట్టేది ముందు కాలే. ముందు కాళ్ళకి ఇప్పండి, సాలు. ఎనకవి ఆ తల్లే సూసీ సూడనట్టు పోతుంది" అన్నాడు.

ఎంత మర్యాదైన మాట! అందరికీ నచ్చింది. ఊరివాళ్ళు ఇద్దరు దుంగ పెట్టి జీపు ముందుభాగం ఎత్తిపట్టారు. నేనే నట్లు విప్పాను. ముందు పళ్ళ చక్రాలు తీసి ఉత్తవి వేశాం. బండి మెల్లగా కళ్ళం దాటింది. చెంగల్రాయప్ప వెనకే చీపురుతో గీతలు ఊడ్చుకుంటూ వచ్చాడు. అవతలి గట్టున మళ్ళీ పళ్ళవి వేద్దామా అనుకునేంతలో చినుకు పడింది. "రేపు మళ్ళా ఈ దోవనే గదా రావల్ల. మళ్ళా ఎందుకు విప్పేది? వెనక పట్టు ఉండాది, నెట్టుకోని పోతుంది" అన్నాడు ఆర్ముగం. మేం ఇద్దరం అక్కడ దిగిపోయాం. తీసిన చక్రాలు చెంగల్రాయప్ప వసారాలో పెట్టాం. జీపు బంకదారి ఎక్కుతుంటే చూశాం. చక్కగా ఎక్కింది. వెనక పళ్ళు మన్ను పట్టుకుని తోస్తుంటే ఎక్కడా ఆగలేదు. ఆర్ముగం నా భుజం మీద చెయ్యి వేసి, "చూసినావా!" అన్నాడు.

మలుపు

మరునాడు దిగేటప్పుడు జీపు వాగు మలుపు దగ్గర లోయలో పడింది. దొరస్వామి స్టీరింగు కింద నలిగిపోయాడు. వెనక ఉన్న జ్వరం మనుషులు మొగుడూ పెళ్ళాం. మొగుడు పోయాడు. ఆమె ముందే బయటికి విసిరేసినట్టు పడి బతికింది.

మమ్మల్ని పిలిపించారు, బండి పైకి తియ్యడానికి. ఆమె అక్కడే చెట్టు మొదట్లో కంబళి కప్పుకుని కూర్చుని ఉంది. ఎవరు ఏమడిగినా ఒకటే మాట. "ఆ అన్న తిప్పినాడు సామీ. రెండు చేతుల్తో తిప్పినాడు. బండి తిరగలా. నేరుగా పోయె."

మలుపు దగ్గర బంకమీద జాడలు ఇంకా చెరగలేదు. వెనక చక్రాల పళ్ళు మన్నులో దిగి గుంటలు గుంటలుగా ఉన్నాయి. ముందు చక్రాల జాడ చేత్తో అలికినట్టు నున్నగా ఉంది. ఎక్కేటప్పుడు వెనకది తోస్తే చాలు. దిగేటప్పుడు బండిని తిప్పాల్సింది ముందు చక్రం. దానికి పట్టు లేకపోతే నువ్వు స్టీరింగు ఎంత తిప్పినా అది అడ్డంగా జారుతుందే తప్ప తిరగదు. నాలుగింటికీ ఎందుకు కట్టాలన్నదానికి జవాబు ఆ మన్ను మీద రాసి ఉంది. ఆర్ముగం ఆ జాడ పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు.

ఇక్కడ నా తీర్పు చెబుతాను. ఆర్ముగానికి నియమం తెలుసు, కారణం తెలియదు. కారణం తెలిసినవాడైతే ఎంత మంచివాడు వచ్చి ఎంత మర్యాదగా అడిగినా, "అన్నా, కుదరదు, మనిషి పోతాడు" అనేవాడు. కారణం తెలియని నియమాన్ని బెదిరించి ఎవరూ తప్పించరు. మంచి మాటతో, సగానికి సగం ఒప్పుకోమని తప్పిస్తారు. మీ మేస్త్రి ఏదైనా ఇట్లా చెయ్యమంటే ఎందుకని అడగండి. తిడితే తిట్లు తిని మళ్ళీ అడగండి.

బ్రేకు అన్న మాట

వారం పది రోజులకు చెంగల్రాయప్ప మా షెడ్డుకు వచ్చాడు. అంత దూరం నడిచి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. నీళ్ళిస్తే తాగలేదు. ఆర్ముగం ఎదురుగా నిలబడి, "అప్పా, నిజం సెప్పు. నేను ఇప్పమన్న దానికేనా ఆ బిడ్డ పోయింది?" అన్నాడు.

ఆర్ముగం చేతిలో ఉన్న లీవరు కింద పెట్టాడు. "లేదన్నా. బ్రేకు పోయింది" అన్నాడు.

ముసలాయన ముఖం నేను చూశాను. కళ్ళు మూసుకుని, గోడకు చేరబడి, అప్పుడు నీళ్ళు అడిగి తాగాడు. పోతూ పోతూ ఆర్ముగం చేతులు పట్టుకున్నాడు. నాకు ఆ అబద్ధం అప్పుడు పుణ్యంగానే తోచింది. ముసలిప్రాణం, ఇంక ఎన్నాళ్ళు బతుకుతాడు, ఈ బరువు మోస్తూ ఎందుకు పోవాలి అనుకున్నాను. ఆ పూట మేమిద్దరం ఆ సంగతి ఎత్తకుండా పని చేసుకున్నాం. ఆర్ముగం ఆ తరవాత ఎవరడిగినా పళ్ళు కట్టలేదు. తను కట్టకపోతే చాలు, ఇక ఎవరికీ ప్రమాదం లేదనుకున్నాడు.

కానీ మేం పళ్ళు కట్టిన పనిని మిగతా షెడ్లవాళ్ళు చూశారు. చూసి నేర్చుకున్నారు. పళ్ళ టైర్లు బంకలో బాగా ఎక్కుతాయని పేరొచ్చింది. మరుసటి ఏటి వానలకు ఒక లారీ నాలుగు మూలలా పళ్ళు కట్టించుకుని అదే పల్లెకు పోయింది. కళ్ళం దగ్గర చెంగల్రాయప్ప ఆపాడు. ఈసారి ఆలోచించుకునే పని లేదు. అది పద్ధతి అయిపోయింది. "దొరసామి ఒప్పుకోని పోయిన పద్ధతి ఇది" అని చెప్పి ముందు చక్రాలు విప్పించి ఉత్తవి వేయించాడు. ఊరివాళ్ళు దొరస్వామి పేరు చెప్పుకుని కర్పూరం కూడా వెలిగించారట. తిరిగి దిగేటప్పుడు ఆ లారీ నేరుగా గుట్టకు కొట్టుకుంది. డ్రైవరు కాదర్ భాషాకు మోకాలి పైకి కాలు తీసేశారు.

ఆ కబురు వచ్చిన పూట ఆర్ముగం అన్నం ముందునుంచి లేచి వచ్చాడు. "నువ్వు కూడా రా. నా ఒక్కడికి నోరు రాదు" అన్నాడు. ఇద్దరం ఆ పల్లెకు పోయాం.

చెంగల్రాయప్ప కళ్ళంలోనే ఉన్నాడు. మేం చెప్పులు అంచున విడిచి పోయాం. ఆర్ముగం అంతా చెప్పాడు. ముందు చక్రాల సంగతి, బంక మీది జాడ, జ్వరం ఆమె చెప్పిన మాట. చివరికి, "నీకు బాధ కలుగుతుందనే అట్ల చెప్పినాను అన్నా" అన్నాడు.

ముసలాయన కింద రాగులు వేళ్ళతో కదుపుతూ కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"నాకి తెలిసింటే ఏడ్సింటాను. ఏడ్సి, రెండో బండిని నాలుగు సెప్పుల్తోనే పోనిచ్చింటాను. ఆ తల్లి కాళ్ళు పట్టుకోని నేనే అడిగింటాను" అన్నాడు. తరవాత తల ఎత్తి ఆర్ముగం వంక చూశాడు. "బ్రేకు పోయిందంటే ఏమప్పా అర్థం? దొరసామి సూసుకోలేదనే గదా? నన్ను కాపాడేదానికి సచ్చినోని మీద పెట్టినావా?"

మాకు ఆ సంగతి తట్టనే లేదు. ఏడాది పొడుగునా తట్టలేదు. ఆ మాట ముసలాయన ఒక్కడి కోసం అన్నామనుకున్నాం. ఆయన ఊళ్ళో చెప్పాడు, ఊరివాళ్ళు కంట్రాక్టరుకు చెప్పారు, కంట్రాక్టరుకు కావాల్సిందీ అదే. బ్రేకు చూసుకోని డ్రైవరని తిరుపతిలో లారీలన్నీ నిలబడే చోట అందరూ అనుకునేవాళ్ళు. నేను కూడా విన్నాను. విని, పెద్దగా పట్టించుకోకుండా నా పని నేను చూసుకున్నాను.

మునెమ్మ

అక్కడినుంచి నేరుగా దొరస్వామి ఇంటికి పోయాం. చెంగల్రాయప్ప కూడా మా వెంట వచ్చాడు. వద్దంటే వినలేదు.

దొరస్వామి భార్య మునెమ్మ ఇటికెల బట్టీలో పనికి పోయేది. అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటోంది. ఆర్ముగం నిలబడే చెప్పాడు. ఆమె తడి చేతులు కొంగుతో తుడుచుకోవడం కూడా మరిచి విన్నది.

అంతా అయ్యాక, "తిప్పినాడా?" అని అడిగింది.

"తిప్పినాడమ్మా. రెండు చేతులతో తిప్పినాడు. బ్రేకు బాగానే ఉండె. ఆయన తప్పు ఏమీ లేదు."

చెంగల్రాయప్ప చేతులు జోడించి, "ఇప్పమనింది నేను తల్లీ" అన్నాడు. ఆమె ఆయన వంక చూడలేదు. ఆర్ముగం వంకే చూస్తోంది.

"నాకెందుకు సెప్తావు మేస్త్రీ? నాకి ముందే తెలుసు. ఆయప్ప బ్రేకు సూసుకోకుండా బండి ఎక్కే మనిసి కాడని నాకి తెలుసు. తెలీంది వాళ్ళకి. లారీలు నిలబడే కాడికి పోయి సెప్పు. ఆయప్ప కొడుకును సూసి, బ్రేకు పోయినోని కొడుకు వచ్చె అని నవ్వింది ఆడనే."

ఆర్ముగం పోయాడు. సాయంత్రం లారీలన్నీ వచ్చి ఆగే వేళ. టీ అంగడి ముందు డ్రైవర్లందరూ ఉన్నారు. మునెమ్మ దూరంగా, రోడ్డుకు అవతల నిలబడింది. నేనూ చెంగల్రాయప్పా ఆమె పక్కన. ఆర్ముగం మెత్తని మనిషని మీకు చెప్పాను. గట్టిగా మాట్లాడడం ఆయనకు చేతకాదు. మొదటిసారి చెబితే ఎవరికీ వినబడలేదు. ఎవరో, "ఏంది మేస్త్రీ, గట్టిగా చెప్పు" అన్నారు. ఆయన టీ అంగడి బల్ల మీదికి ఎక్కి, "దొరస్వామి బండి బ్రేకు పోలేదు. ముందు చక్రాలకి పట్టు తీసేసి పంపింది నేను. బ్రేకు అని చెప్పింది కూడా నేనే" అని అరిచాడు. అరవంలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

కొందరు గ్లాసులు కింద పెట్టి లేచి వెళ్ళిపోయారు. మునెమ్మ చివరి మాట దాకా విని, కొంగు భుజం మీద సరిచేసుకుని ఇంటికి పోయింది. మరునాటి నుంచి ఒక్క డ్రైవరు కూడా ఆర్ముగం చేతికి టైరు ఇవ్వలేదు.